‘నిన్న ఏం తిన్నారు?’... ఈ ప్రశ్న వెనుక ఓ కెరియర్‌ ఉంది!

ఫిజిక్స్‌, కెమిస్ట్రీ, న్యూట్రిషన్‌, స్టాటిస్టిక్స్‌, ఆంత్రొపాలజీ... ఈ అయిదు సబ్జెక్టులవాళ్లూ కలిసి ఒకే లెక్క కట్టాల్సిన పని ఒకటుంది. తిండి ద్వారా మనుషుల ఒంట్లోకి రేడియోధార్మిక పదార్థాలు ఎంత చేరుతున్నాయో అంచనా వేయడం. పసిఫిక్‌ మహాసముద్రంలోని మార్షల్‌ దీవుల్లో ఈ లెక్క ఒకసారి తప్పింది. దాంతో సొంతగడ్డకు తిరిగొచ్చిన కుటుంబాలు మళ్లీ ఇళ్లు వదలాల్సి వచ్చింది. ఎక్కడ తప్పు జరిగింది? ఎలా సరిదిద్దుకున్నారు? ఈ పనిలోకి మన విద్యార్థులు ఏ దారిన వెళ్లొచ్చు? చూద్దాం.

తిరిగొచ్చారు... మళ్లీ వెళ్లిపోయారు

1946 మార్చిలో అమెరికా నౌకాదళం బికినీ అనే పగడపు దీవుల వలయం నుంచి 167 మందిని ఓడెక్కించి వేరే దీవికి తరలించింది. అణుబాంబులు పరీక్షించడానికి ఆ చోటు కావాలంది. పని అయ్యాక తిరిగి రావొచ్చని అక్కడివాళ్లు నమ్మారు. అప్పటి నుంచి 1958 వరకు మార్షల్‌ దీవుల్లో అమెరికా 67 అణు పరీక్షలు జరిపింది. వాటిలో 23 బికినీలోనే.

1954 మార్చి 1న పేల్చిన ‘బ్రావో’ వీటన్నిటిలో పెద్దది. దాని శక్తి 15 మెగాటన్నులు. అంటే శాస్త్రవేత్తలు ముందుగా అనుకున్నదానికి రెట్టింపు కంటే ఎక్కువే. దాని బూడిద గాలివాటున నూటయాభై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న రోంగెలాప్‌ దీవి మీద పడింది. అక్కడున్న 64 మందిని సుమారు రెండు రోజుల తర్వాత గానీ తరలించలేదు. ఆ రెండు రోజులూ వాళ్లు బూడిద పడిన నీళ్లే తాగారు, బూడిద పడిన తిండే తిన్నారు. వాళ్ల థైరాయిడ్‌ గ్రంథికి తగిలిన రేడియేషన్‌లో ఎక్కువ భాగం ఇలా నోటి ద్వారా వెళ్లినదే.

ఇక బికినీ సంగతి. 1968లో అమెరికా అధ్యక్షుడు లిండన్‌ జాన్సన్‌ బికినీవాళ్లు ఇళ్లకు తిరిగి వెళ్లొచ్చని ప్రకటించారు. మరుసటి ఏడాది దీవిని శుభ్రం చేశారు. శిథిలాలు తీసేసి వేల కొబ్బరి మొక్కలు నాటారు. 1970ల మొదట్లో కొన్ని కుటుంబాలు తిరిగొచ్చాయి. మొక్కలు చెట్లయ్యాయి, కాపుకొచ్చాయి. జనం కాయలు కోసుకుని తినడం మొదలుపెట్టారు. అసలు చిక్కు అక్కడే వచ్చింది. అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌ నేషనల్‌ లేబొరేటరీ బృందాలు వచ్చి వాళ్ల ఒంట్లోని సీజియం-137ను కొలిచాయి. కొన్నేళ్లలోనే అది అనేక రెట్లు పెరిగింది. 1978 సెప్టెంబరులో నూటికి పైగా ఉన్న ఆ జనాన్ని మళ్లీ దీవి నుంచి ఖాళీ చేయించారు.

ఇందులో ఏ యంత్రమూ చెడిపోలేదు. మట్టిలో సీజియం ఉందని ముందే తెలుసు. పైనుంచి తగిలే రేడియేషన్‌నూ కొలిచారు. కానీ అక్కడ పండినది తిని బతికే మనిషి ఒంట్లోకి రోజూ ఎంత వెళ్తుందన్న లెక్క అసలుకంటే తక్కువగా పడింది. దీవిలో ఉండొచ్చా లేదా అన్నది తేల్చే అంకె డిటెక్టర్‌ దగ్గర లేదు, భోజనం దగ్గర ఉంది.

కొబ్బరి ఎందుకంత కీలకం?

సీజియం రసాయన గుణంలో పొటాషియానికి దగ్గరి చుట్టం. మొక్క వేళ్లు పొటాషియం కోసం వెతుకుతూ సీజియాన్ని కూడా లాగేస్తాయి. మన నేలల్లో బంకమన్ను ఉంటుంది. అది సీజియాన్ని పట్టి ఉంచుతుంది. పగడపు దీవుల నేల అలాంటిది కాదు. అది దాదాపుగా సున్నపు పొడి. బంకమన్ను ఉండదు, పొటాషియమూ చాలా తక్కువ. అందుకే మిగతా చోట్ల కంటే అక్కడి చెట్లలోకి సీజియం చాలా తేలిగ్గా ఎక్కుతుంది. స్ట్రాన్షియం-90 విషయంలో కథ తిరగబడుతుంది. అది కాల్షియంలాంటిది. నేలంతా కాల్షియమే కాబట్టి చెట్టు దాన్ని తక్కువగా తీసుకుంటుంది.

అంటే వేరే దేశంలోని పొలాల్లో కొలిచిన గుణకాలను తెచ్చి ఇక్కడ వాడితే లెక్క తప్పుతుంది. ఈ రంగంలో మొదటి పాఠం ఇదే. మట్టిని ఎక్కడికక్కడే కొలవాలి.

రెండో పాఠం తిండిది. కొబ్బరి అక్కడ కూరలో తురుముకునే వస్తువు కాదు. దాహానికి నీళ్లు, ఆకలికి గుజ్జు, వంటకు పాలు, అమ్ముకోవడానికి ఎండుకొబ్బరి... అన్నీ అదే. కోనసీమ పిల్లలకు ఇది వేరే చెప్పక్కర్లేదు. బొండాం వేరు, లేత కొబ్బరి వేరు, ముదురు కాయ వేరు, మొలకెత్తిన కాయలో ఉండే పువ్వు వేరు. మార్షల్‌ దీవుల ఆహార పట్టికల్లోనూ సరిగ్గా ఇలాగే విడదీసి రాస్తారు. తాగే కాయలో నీళ్లు ఒక వరుస, అందులోని లేత గుజ్జు ఒక వరుస, ముదురు కొబ్బరి ఒక వరుస, మొలకెత్తిన కాయ ఒక వరుస. ఎందుకంటే ఒక్కోదానిలో సీజియం పాళ్లు వేరు, ఒక్కోదాన్ని తినే పరిమాణమూ వేరు. ‘కొబ్బరి’ అని ఒకే గడిలో అంకె వేస్తే అక్కడే తప్పటడుగు పడినట్టు. కొబ్బరి కాకుండా పనస జాతికి చెందిన బ్రెడ్‌ఫ్రూట్‌, మొగలి జాతికి చెందిన పాండనస్‌ పండు, కొబ్బరి చెట్టు నుంచి తీసే తీపి నీరా, చెట్లెక్కే పెద్ద పీతలు, చేపలు, పందులు, కోళ్లు కూడా పట్టికలో ఉంటాయి. వీటితోపాటు ఓడలో వచ్చే బియ్యం, పిండి, చక్కెర, డబ్బాల్లో మాంసం.

లెక్క ఎలా కడతారు?

సూత్రం చాలా చిన్నది. తిన్న పరిమాణాన్ని, అందులోని రేడియోధార్మికతను, మోతాదు గుణకాన్ని గుణించాలి. ప్రతి ఆహారానికీ ఇలా చేసి కూడాలి. రేడియోధార్మికతను బెక్వెరెల్‌లో, శరీరానికి పడే మోతాదును సీవర్ట్‌లో చెబుతారు. పెద్దవాళ్లు సీజియం-137ను తిండి ద్వారా లక్ష బెక్వెరెల్‌లు తీసుకుంటే పడే మోతాదు 1.3 మిల్లీసీవర్ట్‌లు. ఇది అంతర్జాతీయ రేడియేషన్‌ రక్షణ కమిషన్‌ ఇచ్చిన గుణకం. పిల్లలకు గుణకాలు వేరుగా ఉంటాయి.

ఒక ఉదాహరణ చేద్దాం. ఇందులో అంకెలు లెక్క అర్థం కావడానికి అనుకున్నవి మాత్రమే. ఓ దీవిలో కిలో కొబ్బరిలో 1,000 బెక్వెరెల్‌ల సీజియం ఉందనుకోండి. సర్వే చేసినవాళ్లు మనిషి రోజుకు 100 గ్రాములు తింటాడని రాశారు. అంటే రోజుకు 100 బెక్వెరెల్‌లు. ఏడాదికి 36,500. మోతాదు సుమారు 0.47 మిల్లీసీవర్ట్‌. అణు కేంద్రాల వంటి వాటి వల్ల సామాన్య ప్రజలకు అదనంగా అందే రేడియేషన్‌కు పరిమితి ఏడాదికి 1 మిల్లీసీవర్ట్‌. దాంతో పోలిస్తే ‘ఫర్వాలేదు’ అనిపిస్తుంది.

కానీ ఆ మనిషి నిజానికి తినేది 300 గ్రాములైతే? మోతాదు 1.4 మిల్లీసీవర్ట్‌లు దాటుతుంది. కొబ్బరి అదే, ల్యాబ్‌ రిపోర్టు అదే, యంత్రమూ అదే. మారింది ఒక్కటే. ‘ఎంత తింటారు?’ అన్న ప్రశ్నకు వచ్చిన జవాబు. కోట్ల రూపాయల డిటెక్టర్‌ రెండు మూడు శాతం కచ్చితత్వంతో కొలిచినా, తిండి అంకె మూడు రెట్లు తప్పితే మొత్తం లెక్క మూడు రెట్లు తప్పినట్టే.

అడిగే తీరులోనే ఉంది

మరి జనం ఏం తింటున్నారో ఎలా తెలుసుకుంటారు? దీనికి కొన్ని పద్ధతులున్నాయి.

ఒకటి, 24 గంటల రీకాల్‌. నిన్న పొద్దున లేచినప్పటి నుంచి ఏం తిన్నారో గుర్తుచేసి చెప్పించడం. త్వరగా అవుతుంది. కానీ మర్చిపోవడం ఎక్కువ. పొలంలో, చెట్టుకింద, ఆడుకుంటూ తిన్నవి జవాబులోకి రావు.

రెండు, తూకం పద్ధతి. ఇంట్లో కూర్చుని వండేముందు, వడ్డించేటప్పుడు, మిగిలినప్పుడు తూచడం. కచ్చితంగా ఉంటుంది. కానీ ఎదురుగా ఎవరో తూకం పట్టుకుని కూర్చుంటే మనం తినే తీరు మారిపోతుంది కదా!

మూడు, జంట పళ్లెం పద్ధతి. మనిషి తిన్న ప్రతిదానికీ సరిగ్గా అంతే ఇంకో పళ్లెంలో పెట్టి, దాన్ని ల్యాబ్‌లో కొలవడం. సర్వే తప్పులు తగ్గుతాయి, ఖర్చు పెరుగుతుంది.

మార్షల్‌ దీవుల్లో ఈ విషయంలో రెండు పెద్ద ప్రయత్నాలు జరిగాయి. 1978లో ఉజెలాంగ్‌ దీవిలో ఉంటున్న ఎనెవెటాక్‌ జనాన్ని అడిగి ఒక సర్వే చేశారు. ఎనెవెటాక్‌ కూడా పరీక్షలు జరిగిన వలయమే. ఆ సర్వేలో ఒక మంచి జాగ్రత్త తీసుకున్నారు. సరుకుల ఓడ వచ్చినప్పుడు ఏం తింటారో, ఓడ రానప్పుడు ఏం తింటారో విడివిడిగా నమోదు చేశారు. బియ్యం, పిండి ఉంటే కొబ్బరి తగ్గుతుంది. ఓడ ఆలస్యమైతే దీవిలో పండేదే దిక్కు. సగటు తీసి ఒకే అంకె రాస్తే ఈ తేడా కనిపించదు.

రెండోది 1980లో బ్రూక్‌హేవెన్‌ ల్యాబ్‌ ప్రచురించిన ఆహార, జీవన విధానాల అధ్యయనం. దాని రచయితల పేర్లలో మొదటిది జె.ఆర్‌. నాయుడు. ఈ బృందం ప్రశ్నపత్రాలతో సరిపెట్టుకోలేదు. నెలల నుంచి ఏళ్ల వరకు దీవుల జనం మధ్య ఉండి, వాళ్ల పనుల్లో పాలుపంచుకుని, చూసినది రాసింది.

రెండు సర్వేల అంకెలూ ఒకటి కాలేదు. రెండోదానిలో కొబ్బరి వంటి స్థానిక ఆహారం వాటా ఎక్కువగా వచ్చింది. కారణం ఆలోచిస్తే అర్థమవుతుంది. వండింది వేరు, తిన్నది వేరు. అక్కడ తిండి పంచుకోవడం ఆచారం. వండినదాంట్లో కొంత పక్కింటికి వెళ్తుంది, కొంత చుట్టాలకు వెళ్తుంది, మిగిలింది పందులకు వెళ్తుంది. ‘ఇంట్లో ఎంత వండారు?’ అని అడిగితే ఒక జవాబు. ‘మీ కడుపులోకి ఎంత వెళ్లింది?’ అని అడిగితే ఇంకో జవాబు. పెళ్లివారింట్లో వంటవాణ్ని అడిగి అతిథుల ఆకలి లెక్కగడితే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

ఎవరిది సరైనదో ఒంటినే అడిగారు

ఈ రంగంలో ఉన్న మంచి సౌకర్యం ఏంటంటే, జవాబును సరిచూసుకోవచ్చు. సీజియం-137 గామా కిరణాలు ఇస్తుంది. మనిషిని హోల్‌ బాడీ కౌంటర్‌ కుర్చీలో కొన్ని నిమిషాలు కూర్చోబెడితే ఒంట్లో ఎన్ని బెక్వెరెల్‌లు ఉన్నాయో తెలిసిపోతుంది. సూది లేదు, నొప్పి లేదు.

పెద్దవాళ్ల ఒంట్లో చేరిన సీజియంలో సగం బయటికి పోవడానికి సుమారు 110 రోజులు పడుతుంది. రోజూ అంతే తింటూ ఉంటే కొంతకాలానికి వచ్చేదీ పోయేదీ సమానమవుతాయి. మన ఉదాహరణలో రోజుకు 100 బెక్వెరెల్‌లు తినే మనిషి ఒంట్లో అప్పుడు దాదాపు 15 వేల బెక్వెరెల్‌లు ఉండాలి. 300 గ్రాముల కొబ్బరి తినేవాడైతే 45 వేలు. కౌంటర్‌ 30 వేలు చూపిస్తే? సర్వేలో రాసిన 100 తప్పు, 300 కూడా తప్పు, నిజం మధ్యలో ఎక్కడో ఉందని అర్థం.

సరిగ్గా ఇదే చేశారు. అమెరికాలోని లారెన్స్‌ లివర్‌మోర్‌ నేషనల్‌ లేబొరేటరీలో విలియం రాబిసన్‌ బృందం సర్వే అంకెలతో ఒంట్లో ఎంత సీజియం ఉండాలో ముందు లెక్కగట్టింది. తర్వాత కౌంటర్‌ చూపించిన దానితో పోల్చింది. ఉజెలాంగ్‌ సర్వే ఆధారంగా వేసిన అంచనా కొలతలకు దగ్గరగా వచ్చింది. దాంతో తర్వాతి లెక్కలకు అదే పునాది అయింది.

అయితే కౌంటర్‌ అన్నిటినీ చూడలేదు. ప్లుటోనియం, స్ట్రాన్షియం-90 ఈ కుర్చీకి దొరకవు. ప్లుటోనియం కోసం 24 గంటల మూత్రం సేకరించి అత్యంత సూక్ష్మమైన పరీక్షలు చేస్తారు. ఏ పదార్థానికి ఏ పరీక్ష అన్నది ఇంటర్వ్యూలో అడగడానికి వీలున్న ప్రశ్న, గుర్తుంచుకోండి.

సగటు మనిషి ఎక్కడా ఉండడు

ఉద్యోగంలో చేరాక మొదట ఎదురయ్యే చిక్కు సగటుతోనే. దీవిలో సగటున రోజుకు ఇంత తింటారని రాయడం తేలిక. కానీ సగటు కంటే మూడు రెట్లు తినే ముసలాయన ఉంటాడు. ఓడ సరుకు కొనే స్తోమత లేని కుటుంబం ఉంటుంది. రక్షణ వాళ్లకే ముందు కావాలి. అందుకే ఇప్పుడు ఒక్క అంకె కాకుండా అంకెల వ్యాప్తిని లెక్కలోకి తీసుకుంటారు. మాంటే కార్లో పద్ధతిలో కంప్యూటర్‌తో వేల ఊహా మనుషులను సృష్టించి, ఎంతమందికి ఎంత మోతాదు పడవచ్చో చూస్తారు. పైథాన్‌, ఆర్‌ నేర్చుకున్నవాళ్లకు ఇక్కడ పని ఉంది.

1998లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ బికినీపై ఇచ్చిన నివేదికలోనూ తీర్పు తిండి మీదే ఆధారపడింది. పూర్తిగా దీవిలో పండేదే తింటే ఏడాదికి సుమారు 15 మిల్లీసీవర్ట్‌ల మోతాదు పడవచ్చని, కాబట్టి నివారణ చర్యలు లేకుండా శాశ్వతంగా నివసించడం మంచిది కాదని చెప్పింది. ప్రపంచంలో సహజంగా మనిషికి అందే రేడియేషన్‌ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు. పోల్చుకోవడానికి ఈ అంకె పనికొస్తుంది.

నివారణ చర్య కూడా మొక్కల శాస్త్రం నుంచే వచ్చింది. మొక్క పొటాషియం కోసం వెతుకుతూ సీజియం తీసుకుంటోంది కదా. దానికి పొటాషియమే వేస్తే? పొటాషియం క్లోరైడ్‌ అంటే మన రైతులు వేసే మ్యూరేట్‌ ఆఫ్‌ పొటాషే. దాన్ని వేసిన చోట కొబ్బరిలో సీజియం ముందున్నదానిలో 5-10 శాతానికి పడిపోయింది. ఇంకో మంచి వార్త కూడా ఉంది. సీజియం-137 అర్ధజీవిత కాలం సుమారు 30 ఏళ్లు. కానీ వర్షం నీళ్లతో అది వేళ్లకు అందని లోతుకు కొట్టుకుపోవడం వల్ల ఆ దీవుల చెట్లలో సగానికి తగ్గడానికి సుమారు 8.5 ఏళ్లే పడుతోందని కొలతల్లో తేలింది.

‘తినొద్దు’ అనడానికీ ధర ఉంది

లెక్క ఎక్కువగా వేస్తే సేఫ్‌ కదా, ఏం పోయింది అనిపించొచ్చు. అలా కాదు. స్థానిక తిండి మానెయ్యమంటే జనం బయటి బియ్యం, మైదా, చక్కెర, డబ్బా మాంసం మీద ఆధారపడాలి. మార్షల్‌ దీవులు ఇప్పుడు ప్రపంచంలో మధుమేహం చాలా ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఒకటి. తక్కువ అంచనా జనాన్ని రేడియేషన్‌కు వదిలేస్తే, అతి అంచనా వాళ్లను సొంత తిండికి, సొంత నేలకు దూరం చేస్తుంది. అందుకే ఇక్కడ కావాల్సింది భయపెట్టే అంకె కాదు, ఊరడించే అంకె కాదు. నిజానికి దగ్గరగా ఉన్న అంకె.

నమ్మకం అనేదీ ఒకటుంది. రోంగెలాప్‌ జనాన్ని 1957లో తిరిగి పంపారు. ఏళ్ల తరబడి డాక్టర్లు వచ్చి పరీక్షలు చేసి వెళ్లేవారు. ఆ ఫలితాల అర్థమేంటో తమకు సరిగా చెప్పలేదన్న బాధ జనంలో మిగిలింది. చివరికి 1985లో గ్రీన్‌పీస్‌ ఓడ ‘రెయిన్‌బో వారియర్‌’ సాయంతో ఊరు ఊరంతా తామే ఖాళీ చేసి మెజాటో దీవికి వెళ్లిపోయారు. ఆ తర్వాత పద్ధతి మారింది. 1999లో రోంగెలాప్‌లో, 2001లో ఎనెవెటాక్‌లో, 2003లో రాజధాని మజురోలో శాశ్వత హోల్‌ బాడీ కౌంటర్లు పెట్టారు. వాటిని నడిపేది శిక్షణ పొందిన స్థానిక టెక్నీషియన్లే. ఎవరి ఒంట్లో ఎంత ఉందో వాళ్ల భాషలో, వాళ్ల ఊరివాళ్లే చెబుతారు.

మన దగ్గర దారులేంటి?

మార్షల్‌ దీవుల్లోనే ఉద్యోగం వెతుక్కోమని కాదు. అక్కడ నేర్చిన పద్ధతులే అన్ని దేశాల్లోనూ అణు కేంద్రాల చుట్టూ, గనుల చుట్టూ, ఆహార భద్రత ల్యాబుల్లో వాడుతున్నారు. మన విద్యార్థులకు ఉన్న ముఖ్యమైన మార్గాలివి.

ఫిజిక్స్‌, కెమిస్ట్రీ: ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం శిక్షణ పాఠశాల ద్వారా సైంటిఫిక్‌ ఆఫీసర్లను తీసుకుంటుంది. ఇంజినీరింగ్‌ గ్రాడ్యుయేట్లు, సైన్స్‌ పీజీలు అర్హులు. ఆన్‌లైన్‌ పరీక్ష లేదా గేట్‌ స్కోరుతో వడపోత, తర్వాత ఇంటర్వ్యూ ఉంటాయి. డిప్లొమా, బీఎస్సీ వాళ్లకు స్టైపెండరీ ట్రైనీ పోస్టులుంటాయి. దేశంలో ప్రతి అణు విద్యుత్‌ కేంద్రం దగ్గరా పర్యావరణ సర్వే ల్యాబ్‌ ఉంటుంది. చుట్టుపక్కల నీళ్లు, పాలు, చేపలు, ధాన్యం తెచ్చి కొలవడం దాని పని. హైదరాబాద్‌లో అణు ఖనిజాల అన్వేషణ, పరిశోధన డైరెక్టరేట్‌, న్యూక్లియర్‌ ఫ్యూయల్‌ కాంప్లెక్స్‌ ఉన్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్‌ ఫిజిక్స్‌ విభాగం ఉంది. అర్హతలు, వయసు నిబంధనలు నోటిఫికేషన్‌ వచ్చినప్పుడు తప్పక చూసుకోండి.

న్యూట్రిషన్‌: ఆహార సర్వేలకు దేశంలో పెద్ద చిరునామా హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ. 1972లో మొదలైన జాతీయ పోషకాహార పర్యవేక్షణ బ్యూరో సర్వేల్లో 24 గంటల రీకాల్‌కు ప్రామాణిక కప్పులు వాడేవారు. ‘ఒక గరిటె పప్పు’ అంటే ఒక్కో ఇంట్లో ఒక్కో కొలత కాబట్టి, కప్పులు చూపించి అడగడమన్న మాట. 2017లో ఈ సంస్థ 528 ఆహార పదార్థాలతో భారతీయ ఆహార సమ్మేళన పట్టికలను విడుదల చేసింది. ఇక్కడ అప్లైడ్‌ న్యూట్రిషన్‌లో పీజీ కోర్సు ఉంది. పోషకాలు ఎంత అందుతున్నాయో లెక్కగట్టడం వచ్చినవాళ్లకు కలుషితాలు ఎంత అందుతున్నాయో లెక్కగట్టడం కొత్తేమీ కాదు. పద్ధతి ఒకటే.

స్టాటిస్టిక్స్‌, డేటా సైన్స్‌: శాంపిల్‌ ఎంత ఉండాలి, జవాబు రానివాళ్ల సంగతేంటి, అనిశ్చితిని ఎలా చెప్పాలి... ఇవన్నీ మీ పనే.

ఆంత్రొపాలజీ, సోషల్‌ వర్క్‌: ఎవరు ముందు తింటారు, ఎవరికి మిగలదు, పండగల్లో ఏం మారుతుంది అన్నవి ఫిజిక్స్‌ పుస్తకంలో దొరకవు. హైదరాబాద్‌ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఆంధ్ర విశ్వవిద్యాలయాల్లో ఆంత్రొపాలజీ విభాగాలున్నాయి.

విదేశీ అవకాశాలు: వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ విద్యార్థులకు ఇంటర్న్‌షిప్‌లు ఇస్తుంది. అణు రంగ సబ్జెక్టుల్లో మాస్టర్స్‌ చేసే అమ్మాయిల కోసం 2020లో మేరీ స్క్లొడోస్కా క్యూరీ ఫెలోషిప్‌ మొదలుపెట్టింది.

ఇప్పుడే మొదలుపెట్టండి

ఈ పనికి ఆసక్తి ఉందో లేదో తెలుసుకోవడానికి కోచింగ్‌ అక్కర్లేదు. హాస్టల్లో ఉంటే ఇంకా మంచిది. మూడు రోజులపాటు మీ రూమ్మేట్‌ తినే అన్నం, పప్పు, కూర, పెరుగు అతను ఒప్పుకుంటేనే చిన్న త్రాసుతో తూచి రాసుకోండి. నాలుగో రోజు పొద్దున ‘నిన్న ఏమేం తిన్నావురా, ఎంత తిన్నావు?’ అని అడగండి. చెప్పింది ఒక కాలమ్‌లో, తూచింది ఇంకో కాలమ్‌లో వేయండి. సాయంత్రం బండి దగ్గర తిన్న మిర్చి బజ్జీ లిస్టులో ఉందా? టీలో చక్కెర చెప్పాడా? మెస్‌లో సెలవు రోజు లెక్క మారిందా? తేడా ఎంత శాతమో చూడండి.

తర్వాత అదే ప్రశ్నను మూడు రకాలుగా అడిగి చూడండి. ఏ రకంగా అడిగితే జవాబు తూకానికి దగ్గరగా వచ్చిందో రాసుకోండి. ఈ మూడు పేజీల చిన్న రిపోర్టు మీ రెజ్యూమెలో ‘కష్టపడే తత్వం, నేర్చుకోవాలనే ఆసక్తి’ అనే వాక్యాల కంటే బలంగా కనిపిస్తుంది. ఇంటర్వ్యూలో దాని గురించి అడిగితే పది నిమిషాలు తడబడకుండా మాట్లాడగలరు. ఎందుకంటే అది మీరు చేసిన పని.

రిపోర్టు చివర మాత్రం ఒక పేరా తప్పకుండా రాయండి. నా లెక్క ఎక్కడ తప్పి ఉండొచ్చు? ఎంత తప్పి ఉండొచ్చు? బికినీ జనం ఓడెక్కకముందే ఆ పేరా ఎవరైనా గట్టిగా రాసి, దాన్ని ఎవరైనా గట్టిగా చదివి ఉంటే, కాపుకొచ్చిన చెట్లను వదిలేసి వాళ్లు రెండోసారి ఓడెక్కాల్సి వచ్చేది కాదేమో.